సుందరమ్మ ఛాయిస్‌లో వదలని పాఠం

సుందరమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి ఆమె దగ్గర లెక్కలు నేర్చుకునే ఆడపిల్లలందరికీ తెలుసు. వాళ్ళ కాలేజీ ప్రిన్సిపాల్ విశ్వేశ్వర్‌కు మాత్రం తెలియదు. అందుకే డెబ్భై ఆరు జూలైలో ఆయన ఆమెను గదికి పిలిపించి, ఇంటర్ సెకండియర్ పిల్లలకు కాలిక్యులస్‌ను ఛాయిస్‌లో వదిలెయ్యమన్నప్పుడు, ఆమె చాలా మెల్లగా "ఎందుకు సార్?" అంటే, ఒప్పుకుంటోందని అనుకున్నాడు పాపం.

ఛాయిస్‌లో వదలడం ఆ రోజుల్లో మహా గౌరవప్రదమైన అలవాటు. పరీక్షలో రాయాల్సిన వాటికంటే ఎక్కువ ప్రశ్నలిస్తారు, నచ్చినవి రాసుకోవచ్చు. కాబట్టి కొరుకుడుపడని పాఠాన్ని మొత్తంగా పక్కన పెట్టేసినా పాసవడానికి ఢోకా ఉండదు. పాతబస్తీలోని ఆ ఆడపిల్లల కాలేజీలో ఏటా పక్కకు పోయేది కాలిక్యులస్సే. ఆ పాఠం దాకా తెరిచిన పుస్తకాలే తక్కువ. వెనక పేజీలు కొత్తగా ఉండేవి కాబట్టి మరుసటేడు మంచి ధరకు అమ్ముడుపోయేవి.

"పెండ్లి చేసుకొని పోయే పిల్లలకు అదంతా ఏం పనికొస్తది? రిజల్ట్ మంచిగ రావాలె, గంతే," అన్నాడు విశ్వేశ్వర్.

"నేను చెప్త సార్."

"మీది టెంపరరీ పోస్టు. జూన్ల రెన్యువల్ నా చేతిల ఉంటది. యాదికుందా?"

"ఉంది సార్. చెప్త."

ఆమెకు ఆ పట్టుదల ఊరికే రాలేదు. సుందరమ్మ దబీర్‌పురా రైలు గేటు దగ్గర గేట్‌మన్‌గా పనిచేసే ఇశ్రాయేలు కూతురు. ఆ సందులో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి మనిషి. బీఎస్సీలో చేరిన కొత్తలో లెక్చరర్ బోర్డు మీద ఏదో గీసి, నిలబెట్టి అడిగితే నోరు మెదపలేకపోయింది. "మీ కాలేజీలో ఇది చెప్పలేదా?" అన్నాడాయన. "ఛాయిస్‌ల వదిలిన్రు సార్," అంది నిజాయితీగా. క్లాసులోని మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారు. ఆ ఏడు లెక్కల పేపరు పోయింది. తర్వాత తనంతట తాను కుస్తీపట్టి నేర్చుకుంది గానీ, ఆ నవ్వు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది. తన పిల్లలెవరూ అలా నిలబడకూడదు. ఆమెకు కావలసింది అంతకంటే ఏమీ లేదు.

చెప్పడమైతే మొదలుపెట్టింది కానీ, పిల్లల ముఖాల్లో వెలుగు లేదు. మారుతున్న దాన్ని పట్టుకునే లెక్క ఇది అని ఎంత మొత్తుకున్నా బోర్డు మీద ఏదీ కదలదు కదా. దాంతో ఒక శనివారం పొద్దున వాళ్ళను దబీర్‌పురా స్టేషనుకు తీసుకుపోయింది, ఎవరినీ అడక్కుండానే.

"బండి ఆగి ఉన్నది. కదిలినంక జోరు పెరుగుతది. ఈ స్తంభం దాటేటప్పుడు, ముందు గాదు, తర్వాత గాదు, సరిగ్గ అప్పుడే దాని జోరెంత? అది చెప్పాలె మనం," అంది.

ప్లాట్‌ఫారం పొడుగునా ఒక్కో లైటు స్తంభం దగ్గర ఒక్కో పిల్లను నిలబెట్టింది. ఇంజను తన స్తంభం దగ్గరికి రాగానే ఆ పిల్ల చెయ్యెత్తి ఊపాలి, సుందరమ్మ ల్యాబ్ నుంచి తెచ్చిన స్టాప్‌వాచ్‌లో చూసుకోవాలి. చెయ్యి దూరానికి సరిగ్గా ఆనదని, జడ రిబ్బను విప్పి పట్టుకొమ్మంది. యూనిఫారం రిబ్బను ఎరుపు. గేట్‌మన్ కూతురు, ఎర్ర జెండా నీడలో పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట తనే చెప్పింది. పాఠం ధ్యాసలో పడితే మనిషికి కళ్ళుంటాయి గానీ చూపుండదు.

ప్యాసింజరు బండి కూత వేసి కదిలింది. మొదటి పిల్ల ఊపింది. రెండో పిల్ల ఊపింది. మూడో స్తంభం దగ్గరున్న కళావతికి ఓపిక తక్కువ. ఇంజను ఇంకా దూరంగా ఉండగానే రెండు చేతులా రిబ్బను పట్టుకుని ఎగిరెగిరి ఊపింది. ముందు ఎర్రగుడ్డ కనబడితే ఏ డ్రైవరైనా ఏం చేస్తాడో ఆ డ్రైవరూ అదే చేశాడు. చక్రాలు కీచుమన్నాయి, బండి ఆగింది, లోపలున్న జనం ఒకరి మీద ఒకరు పడ్డారు.

స్టేషన్ మాస్టర్ కృష్ణయ్య పరుగెత్తుకొచ్చాడు. అవతలి నుంచి ఇశ్రాయేలు కూడా ఉరికొచ్చాడు, చేతిలో అసలైన ఎర్ర జెండాతో.

"ఎవరు సూపించిన్రు ఎర్రగుడ్డ?" అన్నాడు కృష్ణయ్య.

ఇశ్రాయేలు పిల్లల చేతుల్లోని రిబ్బన్లు చూశాడు, కూతుర్ని చూశాడు. "నా బిడ్డ సార్," అన్నాడు తలొంచుకుని.

"అయితే నీ నౌకరిని నీ బిడ్డే తింటది ఇశ్రాయేలు."

దేవుడి దయవల్ల మాటతోనే పోయింది. కానీ సుందరమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తండ్రి తన వల్ల అందరి ముందూ తలొంచుకున్నాడు. అయినా సోమవారం క్లాసులో కళావతి ఏడుపు ముఖంతో లేచి "లెక్క ఖరాబ్ జేసిన టీచర్," అంటే, సుందరమ్మ బోర్డు మీద బండి జోరు గీత గీసింది. పైకి ఎక్కుతూ పోయిన గీత ఒకచోట వంగి దిగిపోయింది.

"ఎందుకు ఖరాబయింది? పెరిగే జోరు ఒక్కటే చూపెడదామనుకున్న. నువ్వు తగ్గే జోరు గూడ చూపెట్టినవ్."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో మొదటిసారి పాఠం అర్థమైన జాడ ఉంది.

కబురు అప్పటికే విశ్వేశ్వర్‌కు చేరింది. ఇకనుంచి తన కాలేజీలో కాలిక్యులస్ అనే మాట వినపడకూడదన్నాడు. సరేనంది సుందరమ్మ. సాయంత్రం కాలేజీ వదిలాక, రైలు గేటు ఎదురుగా ఉన్న తమ పెంకుటింట్లో చాపలు పరిచింది.

ఇశ్రాయేలు భయపడ్డాడు. "ఆ సార్ కాళ్ళు పట్టుకో బిడ్డా. నౌకరి పోతే మల్ల దొరకదు."

"నన్ను ఆపుతరేమో బాపు. పాఠాన్ని ఆపనియ్య."

చాపల మీద కూర్చున్న పిల్లలకు ఆమె ఒకే పని పెట్టింది. మీ ఇంట్లో ఏది మారుతుందో చూసి రండి, ఎంత జోరుగా మారుతుందో చెప్పండి. కళావతి తల్లి ఆసుపత్రిలో ఆయా. ఆమెతో వార్డుకు పోయి, మంచాల కాళ్ళ దగ్గర వేలాడే జ్వరం గీతలు చూసొచ్చింది. డాక్టరు జ్వరం ఎంతుందని కాదు, ఎక్కుతోందా దిగుతోందా అని అడుగుతాడని కనిపెట్టింది. బట్టల టోకు వ్యాపారి కూతురు విమలాదేవి, నూలు ధర పెరిగినప్పుడు కాదు, పెరుగుదల మందగించినప్పుడు తమ నాయన సరుకు అమ్మేస్తాడని చెప్పింది. ఒక పిల్ల సోడా దుకాణంలో ఐసు గడ్డ కరగడం చూస్తూ కూర్చుని ఇంట్లో తిట్లు తింది. ఇంకో పిల్ల అన్న పనిచేసే ఆఫీసులో కొత్తగా కంప్యూటరు పెట్టారట. దానికి వంపు గీత తెలియదట, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ పోతుందట. "మనం కూడ అట్లనే పోతం. అడుగు చిన్నగ చేసుకుంట పోతే, సరిగ్గ ఆ క్షణంల ఎంత జోరన్నది దొరుకుతది," అంది సుందరమ్మ.

మార్చిలో పరీక్షలయ్యాయి. పిల్లలు కాలిక్యులస్ ప్రశ్నలు రాశారు, రాసి పాసయ్యారు. ఆకాశమేమీ విరిగి పడలేదు, ర్యాంకులూ రాలేదు. జూన్‌లో విశ్వేశ్వర్ మళ్ళీ పిలిపించాడు.

"మీరు మంచిగ చెప్తరు, నేను కాదన. ఈ ఏడు ఛాయిస్‌ల వదిలేస్తనని ఒక్క మాట చెప్పుండ్రి. రేపే ఆర్డర్ ఇస్త."

సుందరమ్మ గొంతు బాగా తగ్గిపోయింది. "చెప్ప సార్."

ఈసారి ఆయనకు అర్థమైంది.

ఇంటికి వచ్చి ఏడ్చింది. పోయింది నౌకరి మరి, ఏడవదా? మర్నాడు ముఖం కడుక్కుని, మొఘల్‌పురా నుంచి పెయింటరును పిలిపించి ఇంటి గోడకు బోర్డు కట్టించింది. "లెక్కలు చెప్పబడును. ఏ పాఠమూ ఛాయిస్‌లో వదలబడదు."

నెల తిరక్కుండా కాలేజీలోని కొత్త బ్యాచి పిల్లలు, అదే ఎర్ర రిబ్బన్లతో, సాయంత్రాలు ఆ చాపల మీదికి రావడం మొదలుపెట్టారు. కొత్త లెక్చరర్ కాలిక్యులస్‌ను వదిలేశాడట. ఒకరోజు కాలేజీ ప్యూను బాలనర్సింహ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బోర్డు తీసెయ్యమంటున్నరు మేడం. కాలేజీ పరువు పోతుందంట."

"కాలేజీ పేరు రాసిన్నా అన్నా అండ్ల?"

"లేదు."

"మరి ఆయనకెట్ల తగిలింది?"

బాలనర్సింహ నవ్వాపుకుని పోయాడు. సుందరమ్మ మళ్ళీ పెయింటరును పిలిపించింది. బోర్డు తెలుగులోనే ఉంది, సందులో సగం మందికి చదవరాదు. కింద అదే మాట ఉర్దూలో కూడా రాయమంది. పెయింటరు స్టూలు ఎక్కాడు. డ్యూటీ దిగి వచ్చిన ఇశ్రాయేలు స్టూలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని, కాసేపు పైకి చూశాడు.

"అక్షరాలు ఇంకింత పెద్దగ రాయి భాయ్," అన్నాడు. "గేటు కాడ బండి ఆగితే అందులోళ్ళకు గూడ కనబడాలె."