మొదటి పావుగంట నీళ్ళు

ఆ వీధుల్లో అందరూ అతన్ని సీసాలాయన అనేవారు. నీటి సరఫరా విభాగంలో కుళాయిల దగ్గర నమూనాలు పట్టడం అతని ఉద్యోగం. పొద్దున తొమ్మిదికి స్కూటరు వెనక మంచుపెట్టె కట్టుకుని బయల్దేరేవాడు. రోజుకి పద్నాలుగు కుళాయిల నీళ్ళు పద్నాలుగు సీసాల్లో పట్టి, మధ్యాహ్నం రెండులోగా ల్యాబులో అప్పగించాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.

పని దగ్గర కాస్త చాదస్తం మనిషి. కుళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, ఆ తర్వాతే సీసా మూత తీసేవాడు. తీసిన మూత కింద పెట్టేవాడు కాదు, చిటికెనవేలితో ఒడిసి పట్టుకునేవాడు. ఆ సమయంలో ఎవరు పలకరించినా పలికేవాడు కాదు, నోటి తుంపర సీసాలో పడుతుందని. పాపం, చెవుడు కాబోలు అనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. "మా ఆయన నాతో కన్నా ఆ సీసాలతోనే మర్యాదగా ఉంటాడు" అని భార్య నవ్వేది. తను పట్టిన సీసా తన తప్పువల్ల చెడిపోయిందన్న మాట ఒక్కసారి కూడా రాలేదని అతనికి లోలోపల గర్వం.

ఒకరోజు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఏరా, మీ బావ కళ్ళు పచ్చగా అయిపోయాయిరా. డాక్టరు కామెర్లన్నాడు. తాగే నీళ్ళు ఎక్కడివని అడిగాడు."

"ఏం చెప్పావక్కా?"

"ఏం చెప్తాను, కుళాయి నీళ్ళే, మా తమ్ముడే పరీక్షకి పంపిస్తాడని గొప్పగా చెప్పాను. ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు."

సాయంత్రం అతను ఆ వీధి రిపోర్టులు మూడు నెలలవీ పట్టుకుని అక్కవాళ్ళింటికి వెళ్ళాడు. బావ బస్సు డ్రైవరు. ఎప్పుడూ ఇల్లెగిరిపోయేలా మాట్లాడే మనిషి, గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుని ఉన్నాడు. సీసాలాయన కాగితాలు మంచం మీద పరిచాడు. ప్రతిదాని మీదా 'సురక్షితం' అని ముద్ర, కింద నమూనా పట్టినట్టు అతని సంతకం.

అక్క వాటిని ఒకసారి చూసి పక్కకి నెట్టేసింది. "ఈ కాగితాలు నానబెట్టుకుని తాగమంటావా? మా వరసలోనే ఇంకో నాలుగిళ్ళలో పడుకుని ఉన్నారు. ఎదురింటి టైలరు, పక్కింట్లో టీచరమ్మ కూతురు... అందరం ఒక్క కంచంలో తిన్నామా ఏంటి? అందరికీ కలిసేది ఆ నీళ్ళే."

"నా చేత్తో పట్టానక్కా. నీళ్ళు బాగానే ఉన్నాయి."

"ఎక్కడ పట్టావు? మా ఇంట్లో ఎప్పుడైనా పట్టావా?"

"వీధి మొదట్లో, లాండ్రీ షాపు దగ్గర. ఒకటే గొట్టం కదా."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నర, పది."

"మాకు నీళ్ళు వదిలేది అయిదున్నరకి. ఏడయ్యేసరికి అందరం పట్టేసుకుని పనుల్లోకి పోతాం. పదింటికి ఇక్కడ కుళాయి తిప్పే నాథుడే ఉండడు. నువ్వు పరీక్షించేది ఎవరి నీళ్ళురా?"

మర్నాడు అతను తెల్లవారుజామున ఆరు ఖాళీ సీసాలతో వచ్చాడు.

అయిదున్నరకి కుళాయి ముందు బుసకొట్టింది. తర్వాత దగ్గింది. గాలీ నీళ్ళూ కలిసి చిమ్మి, పల్చటి టీ రంగులో ధార మొదలైంది. మురుగు కాలువ పక్కన నిలబడితే వచ్చే వాసన, సన్నగా.

"ఈ రంగు పోయేదాకా వదిలేస్తాం" అంది అక్క. "తేటగా అయ్యాక పడతాం."

అయిదు నిమిషాలకి నీళ్ళు అద్దంలా తేటపడ్డాయి. అతను చిన్న గాజుగొట్టంలో కాసిని పట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి తిరగాలి. తిరగలేదు. పదో నిమిషంలో మళ్ళీ వేశాడు. అప్పుడూ అంతే. పావుగంట దాటాక గానీ లేత పసుపు రాలేదు. అప్పటికే వీధిలో సగం ఇళ్ళవాళ్ళు తాగేనీళ్ళు నింపేసుకుని కుళాయిలు కట్టేశారు.

ఏం జరుగుతోందో అర్థం కావడానికి ఇంజనీరు కానక్కర్లేదు. మధ్యాహ్నం సరఫరా ఆపినప్పుడు గొట్టం ఖాళీ అవుతుంది. ఎక్కడో చిల్లి ఉంది. ఖాళీ గొట్టం ఆ చిల్లిలోంచి పక్కనున్న మురుగుని లోపలికి పీలుస్తుంది. పొద్దున వదిలిన మొదటి నీళ్ళు దాన్నంతా తోసుకుంటూ ఇళ్ళలోకి తెస్తాయి. తను మంచుపెట్టెతో వచ్చేసరికి గొట్టం శుభ్రంగా కడిగేసి ఉంటుంది. ఇన్నేళ్ళుగా తను కడిగిన గిన్నెనే చూసి శుభ్రంగా ఉందని సంతకాలు పెడుతున్నాడు.

"ఈ క్షణం నుంచి కాచిన నీళ్ళు తప్ప చుక్క ముట్టొద్దక్కా. తేరిపోతే మంచివైపోయినట్టు కాదు. వీధిలో అందరికీ చెప్పు."

అయిదేసి నిమిషాలకి ఒకటి చొప్పున నింపిన ఆరు సీసాలూ తీసుకుని సరాసరి ల్యాబుకి వెళ్ళాడు. ల్యాబు మేడమ్ చెడ్డమనిషి కాదు, అలిసిపోయిన మనిషి. సీసాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"వీటికి నమూనా స్థలం నంబరు లేదే? నంబరు లేని నీళ్ళు నేను రిజిస్టరులో ఎక్కించలేను."

"నంబరు చూసి వస్తాయా మేడమ్ రోగాలు?"

ఆవిడ సీసాలు లోపలికి తీసుకెళ్ళింది. రెండు రోజుల తర్వాత పిలిచి గాజుగొట్టాలు చూపించింది. మొదటి మూడింట్లో ద్రవం మబ్బుపట్టి, లోపల బుడగలు లేచి ఉన్నాయి.

"మురుగు కలిసింది. అనుమానమే లేదు."

"అయితే రాసివ్వండి మేడమ్."

"ఇంజనీరుగారు పరీక్ష చేయమని లెటరు పెడితే రాస్తాను."

ఇంజనీరు గదిలో అరగంట నిలబడ్డాక లోపలికి పిలిచారు. "రోడ్డు తవ్వడమంటే మాటలా? ల్యాబు నుంచి ఫెయిలని రిపోర్టు రావాలి. అది తీసుకురా, తవ్విస్తా" అన్నాడాయన.

"మీ లెటరు ఉంటే గానీ రిపోర్టు రాదంటున్నారు సార్."

"రిపోర్టు లేకుండా నేనెలా లెటరు పెడతానయ్యా?"

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఈ రెండు గదుల మధ్య ఎనిమిది రోజులు కాళ్ళరిగేలా తిరిగాడు. ఈలోగా వీధిలో కామెర్ల కేసులు తొమ్మిదయ్యాయి.

తొమ్మిదో రోజు ఇంట్లో కూర్చుని, ఉద్యోగంలో చేరినప్పుడిచ్చిన నిబంధనల పుస్తకం తీశాడు. పదిహేడో పేజీలో ఉంది: నమూనా స్థలాలని రెండేళ్ళకోసారి మార్చాలి, మార్పుని ప్రతిపాదించాల్సింది నమూనాలు పట్టే ఉద్యోగే. లాండ్రీ షాపు కుళాయి పదకొండేళ్ళుగా మారలేదు. ఎందుకు మారలేదో అతనికి తెలుసు. ఆ కుళాయి నడుమెత్తున ఉంటుంది, వంగక్కర్లేదు. పక్కనే నీడ, స్కూటరు పెట్టుకోవడానికి చోటు. అంతకు మించి కారణం లేదు.

ఆ మాట అక్కకి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

ఆవిడ లేచి వెళ్ళింది. బావకి మందు వేసి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చి, "ఇప్పుడైనా మార్చు" అంది. తిట్టి ఉంటే బాగుండు అనిపించింది అతనికి.

ఫారం నింపాడు. అక్క ఇంటి కుళాయికి నంబరొచ్చింది. అయిదు గంటల నలభై నిమిషాలకి, నిబంధన ప్రకారం మూతి కాల్చి, గడియారం చూసుకుని సరిగ్గా రెండు నిమిషాలు వదిలి, నమూనా పట్టాడు. సమయం దగ్గర నిజం సమయమే రాశాడు. ఎన్నింటికి పట్టాలో పుస్తకంలో ఎక్కడా లేదు, తొమ్మిది దాటాకన్నది ఆఫీసు అలవాటు మాత్రమే. ఈసారి మేడమ్ ఎర్ర సిరాతో రాసింది: తాగడానికి పనికిరావు.

ఆ కాగితం చూసి ఇంజనీరు ఏం చేయాలి? తవ్వించాలి. మళ్ళీ నమూనా పట్టమని ఇంకో ఉద్యోగిని పంపాడు. ఆ ఉద్యోగి పదకొండింటికి వెళ్ళి పట్టాడు. నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ ఫెయిలుని అక్క పేరు మీద ఫిర్యాదుగా రాసుకున్నారు కాబోలు, ఆ సాయంత్రమే అక్క ఫోనుకి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, ధన్యవాదాలు.

సీసాలాయన మళ్ళీ పట్టాడు, ఫెయిల్. మళ్ళీ పదకొండింటి నమూనా, పాస్. మూడోసారీ అదే తంతు. అక్క ఫోనులో మూడు ధన్యవాదాలు పోగయ్యాయి.

ఇంజనీరు పిలిపించాడు. "మీ అక్క ఇల్లని పక్షపాతం చూపిస్తున్నావని పై నుంచి మాట వచ్చింది."

"పదకొండేళ్ళు మీ వైపు పక్షపాతం చూపించాను సార్. అప్పుడెవరూ అడగలేదు."

వారం తిరక్కుండా అతన్ని ఊరికి అటుచివర జోనుకి మార్చారు.

నెల తర్వాత ఇటుకల లారీ ఒకటి అక్కవాళ్ళ వీధిలోకి మలుపు తిరుగుతూ వెనక చక్రం దాకా రోడ్డులోకి దిగబడిపోయింది. గొట్టం కారిన నీళ్ళకి అడుగున మట్టంతా కొట్టుకుపోయి డొల్ల అయింది. లారీని లాగడానికి ఎలాగూ తవ్వాల్సి వచ్చింది. అక్క ఫోన్ చేస్తే అతను సెలవు పెట్టి వచ్చి గోతి అంచున నిలబడ్డాడు. మంచినీళ్ళ గొట్టం, దాన్ని ఆనుకునే పగిలిన మురుగు గొట్టం. మంచినీళ్ళ గొట్టానికి బొటనవేలు దూరేంత చిల్లి. కూలీలు దాన్ని కోసి కొత్త ముక్క వేయడానికి పూట కూడా పట్టలేదు. మూడు నెలలు, పదకొండు మందికి కామెర్లు, ఒక పూట పని.

ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు. ఫైల్లో 'రోడ్డు కుంగినందున మరమ్మతు' అని రాయిస్తున్నాడు.

"చిల్లి సంగతి కూడా రాయించండి సార్."

"ఏ కారణమైతే ఏంటయ్యా? బాగయింది కదా."

"ఈ వీధికి బాగయింది. కారణం రాస్తే పక్క వీధుల్లో కూడా వెతుకుతారు."

ఇంజనీరు జీపెక్కి తలుపేసుకున్నాడు.

బావ కోలుకుని మళ్ళీ బస్సెక్కాడు. మునుపటి గొంతు ఇంకా రాలేదు. టీచరమ్మ కూతురికి మాత్రం పరీక్షలు తప్పి ఏడాది పోయింది. ఆ అమ్మాయి వాకిట్లో కనిపించిన రోజున సీసాలాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కొత్త జోనులో అతను మొదట చేసిన పని, ప్రతి వీధిలో నీళ్ళెప్పుడు వదులుతారో ఇంటింటికీ వెళ్ళి అడగడం. నమూనా స్థలాలు మార్చమని పందొమ్మిది ఫారాలు పెట్టాడు. మూడు ఒప్పుకున్నారు. రెండు 'కారణం చాలదు' అని తిరిగొచ్చాయి. మిగతావి పరిశీలనలో ఉన్నాయట. ఆ మూడిట్లో ఒక కుళాయి మొదటి నీళ్ళు అప్పుడే ఫెయిలయ్యాయి.

డ్యూటీ వేళ కాని వేళ నమూనాలు ఎందుకు పడుతున్నావో వివరణ ఇవ్వమని పై ఆఫీసు నుంచి లెటరొచ్చింది. అతను ఒక్క వాక్యం రాసి పంపాడు: "జనం డ్యూటీ వేళల్లో తాగడం లేదు గనుక."

దానికింకా జవాబు రాలేదు. రేపు తెల్లారి వెళ్ళాల్సిన వీధిలో నీళ్ళు అయిదుంబావుకే వదులుతారు. సీసాలు సర్ది, అలారం పెట్టుకుని పడుకున్నాడు.