కోపం చంపదమ్మా

మా డాక్టరమ్మ పోయారు. పంజాగుట్టలో ఆమె క్లినిక్ కింద మందుల షాపు నడిపే భాయ్ ఫోన్ చేశాడు. "అక్కా, మేడం ఇగ లేరు. వైజాగ్‌ల కూతురింటికి పోయిండ్రు గదా, ఆడనే గుండెపోటొచ్చిందట." అమీర్‌పేటలోని నా మ్యాచింగ్ సెంటర్‌లో ఒకామె అప్పుడు జాకెట్టు గుడ్డ రంగు కుదరలేదని గొణుగుతోంది. ఆమెకేం చెప్పానో, షట్టర్ ఎలా దించానో గుర్తులేదు.

డాక్టరమ్మది మనసు వైద్యం. మాత్రలతో కన్నా, కలల్ని విప్పి చూసే ఎక్కువగా నయం చేసేవారు. నన్ను సోఫా మీద పడుకోబెట్టి, తాను నా తల వెనక కనబడకుండా కూర్చునేవారు. మొదటిరోజే నాకు ఒళ్లు మండింది. "ఎనుకకెళ్లి ఏం జేస్తున్నరు మేడం, ఫోన్ చూస్తున్నరా?" అన్నాను. "ఫోన్ బీరువాలో పెట్టానండి. చెవులు మాత్రమే తెచ్చుకున్నాను" అన్నారు. నా మాట సరిగ్గా వినబడాలని కిర్రుమనే ఫ్యాన్ ఆపేసేవారు. ఎండాకాలంలో ఇద్దరం చెమటలు కక్కేవాళ్లం.

నేను వెళ్లింది తమ్ముడి గురించి. కలలో పెళ్లి కనబడితే చావు తప్పదని మావాళ్ల నమ్మకం. ఒక తెల్లవారుజామున తమ్ముడు బాసింగం కట్టుకుని పీటల మీద కూర్చున్నట్టు, నేను చెప్పులు వెతుక్కుంటూ మండపానికి చేరలేకపోయినట్టు కల వచ్చింది. అమ్మకు చెప్పాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నెలలోనే వాడు జ్వరంతో పోయాడు. నా కలే వాణ్ని మింగిందని తిండి మానేశాను.

డాక్టరమ్మ దానికి అర్థం చెప్పలేదు. "కలకి పంచాంగం ఉండదమ్మా. చెప్పులంటే మీకేం గుర్తొస్తుంది?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. "ఏదొస్తే అదే చెప్పండి, సిగ్గుపడకండి." చాలా వారాలకు వచ్చింది. చిన్నప్పుడు వాడికి కొత్త బూట్లు కొని, నా పాత చెప్పులకు కుట్లు వేయించారు. వీడు పుట్టకపోయినా బాగుండునని ఆ రోజు అనుకున్నాను. అది చెప్పి బోరుమన్నాను. ఆమె తొందరపడలేదు. "ప్రేమ ఉన్నచోటే కోపమూ ఉంటుంది. మీ కల ఆ రెంటినీ పక్కపక్కన కూర్చోబెట్టింది, అంతే. కోపం చంపదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం నాకు అన్నం సహించింది. ఆ ముద్ద ఆమె పెట్టిందే.

పోయిన నెలలో, కొన్నాళ్లు వైజాగ్ వెళ్తున్నానన్నారు. ఆ వారమే కల. డాక్టరమ్మ పట్టుచీరలో, పూలజడతో పెళ్లికూతురు! పరుగున వెళ్లి చెప్పాను. నవ్వారు.

"ఏంటి, నేను ఊరెళ్తున్నానంటే కోపమొచ్చిందా?"

"మస్తు వచ్చింది మేడం."

"మంచిది. ఉండనివ్వండి. నేను వచ్చాక మాట్లాడుకుందాం."

రాలేదు. ఇప్పుడేం చేయాలి నేను? ఆమె చెప్పినవన్నీ నోటికొచ్చు. కోపం చంపదు, కోపం చంపదు అని అప్పజెప్పుకుంటూనే ఉన్నాను, ఒక్క మాటా గుండెలోకి దిగడం లేదు. ఈ కల గురించి ఎవరినడగాలో ఆ మనిషే కలలో మనిషైపోయింది. ఎస్.ఆర్. నగర్‌లో ఇంకో డాక్టరున్నారట. వెళ్లి ఏమని చెప్పను? అయ్యా, మీరు మాత్రం నా కలలోకి రాకండి అని బతిమాలుకోనా?

నిన్న మధ్యాహ్నం బోరబండలో మా ఇంట్లో, ఈ కల సంగతి కూడా విన్న అమ్మ నా పక్కన చాప మీద ఒరిగింది. "కలలన్నీ ఉత్తయే బిడ్డా, జర పండుకో" అంటూ నా వీపు నిమిరింది. చేయి ఆగింది. చిన్న గొంతుతో అడిగింది.

"నేను సుత ఎన్నడన్న వచ్చిన్నా, నీ కలల?"

"లేదమ్మా" అన్నాను. అమ్మ నా ముఖంలోకే చూస్తూ పడుకుంది. నేను కళ్లు మూయలేదు.