మామిడిచెట్టు వెనక నుంచి వచ్చిన మాట

మా పెరట్లోని మామిడిచెట్టును ముందుగా వదిలేసినవి ఉడతలు. అంతకుముందు వాటితో వేగలేక మా అత్త వేసవి అంతా కర్ర పట్టుకొని తిరిగేది. ఒక ఏడాది పూతంతా నల్లబడి రాలిపోయింది. మరుసటి ఏడాది అసలు పూతే రాలేదు. ఆ తర్వాత ఒకరోజు బట్టలు ఆరేస్తూ తలెత్తి చూస్తే చెట్టు మీద ఉడత లేదు, కాకి లేదు, మాను మీద చీమల బారు కూడా లేదు. పక్కనున్న సపోటా మీద పిట్టలు గోల గోలగా అరుస్తున్నాయి. మామిడి మాత్రం మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇల్లులా నిలబడి ఉంది. తడిచీర చేతిలో పట్టుకొని అలాగే ఉండిపోయాను. ఎందుకో దాని కిందికి పోబుద్ధి కాలేదు.

మాది ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు. ఇసుకనేల. ఊరికి ఒకవైపు సరుగుడు తోటలు, మూడు వైపులా రొయ్యల గుంటలు. గుంటల్లో నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అది సముద్రం హోరనుకున్నాను. నా భర్తది ఓడరేవులో షిఫ్టు పని. ఇంట్లో ఎక్కువగా ఉండేది నేనూ, మా అత్తా. నేను జాకెట్లు కుడతాను. అత్త చెట్లు చూసుకుంటుంది.

ఆ మామిడిని నాటింది మా మామ. బంగినపల్లి అంటు. ఆయన బతికి ఉన్నన్నాళ్ళు కార్తీకం వానలు వెనకపట్టగానే నీళ్ళు ఆపేసి చెట్టును ఎండబెట్టేవారు. పూత బయటపడి పిందె నిలిచాకే మళ్ళీ పాదుకు నీళ్ళు వదిలేవారు. ఆయన పోయాక అత్తకు అలా ఎండబెట్టడానికి మనసొప్పలేదు. ఏడాది పొడుగునా బోరు మోటారు వేసి, పైపు పాదులో పడేసి, పక్కనే పీట వేసుకొని కూర్చునేది.

మా పుట్టిల్లు గూడూరు దగ్గర నిమ్మతోటల ఊరు. చెట్ల మధ్యే పెరిగినదాన్ని కాబట్టి నాకు తోచిన వైద్యం నేనూ చేశాను. ఎండుపుల్లలు కత్తిరించి తీసేశాను. వేపపిండి వేశాను. వేపనూనె కలిపి చల్లాను. ఆకుల అంచులు మాత్రం దీపం మంట మీద పట్టి తీసినట్టు మాడిపోతూనే ఉన్నాయి. గాలి లేని రోజున కూడా పచ్చి ఆకులు ఒక్కొక్కటే రాలేవి. కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే కిటికీలోంచి ఆ ఆకు పడటం కనిపించేది. ఇంకొకటి పడుతుందేమోనని నా కాలు మిషన్ మీద ఆగిపోయేది.

ఒకరోజు భోజనాల దగ్గర అత్త అంది, "ఈ ఆదివారం దాన్ని బెదిరిద్దాం మే."

నాకు అర్థం కాలేదు.

"కాయని చెట్టును గొడ్డలి పట్టుకొని అడగాల. మాను వెనకాల ఒక మనిషి నిలబడి, చెట్టు బదులు తాను జవాబు చెప్పాల. మా నాయన చింతచెట్టుకు చేసినాడు. మరుసటేడు కొమ్మలు ఇరిగేట్టు కాసింది."

"జవాబు ఎవరు చెప్తారు అత్తా?"

"పక్కింటామె ఉండాది గదా. ఆ గొంతుకు చెట్టేంది, ఊరే అదిరిపోద్ది."

పక్కింటామెను నేను అక్కా అని పిలుస్తాను. వాళ్ళది సముద్రం మీద చేపల వేటకు పోయే కుటుంబం. ఆమె రోజూ చేపల గంప నెత్తిన పెట్టుకొని నాలుగు ఊళ్ళు తిరిగి అమ్ముకొస్తుంది. వీధి చివర కేక వేస్తే మా వంటింట్లో గిన్నెలు మోగినట్టు ఉంటుంది. అడగ్గానే పెద్దగా నవ్వింది. "దానికేం భాగ్యం పెద్దమ్మా, వచ్చి చెప్పిపోతా" అంది.

ఆదివారం మిట్టమధ్యాహ్నం ఆమె అమ్మకం ముగించుకొని నేరుగా మా ఇంటికే వచ్చింది. ఖాళీ గంప పెరటి గోడ పక్కన దించి, మాను వెనక్కి వెళ్ళి నిలబడింది. మాను లావు వల్ల మనిషి పూర్తిగా మరుగున పడిపోయింది. కొంగు చివర కూడా కనిపించలేదు. ఎండ నిలువునా పడుతోంది. చెట్టు నీడ చెట్టు మొదట్లోకే ముడుచుకొని ఉంది. కరెంటు పోయినట్టుంది, గుంటల్లో యంత్రాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఊరికి వచ్చాక అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు.

అత్త గొడ్డలి నా చేతికిచ్చింది. "నువ్వే అడుగు. నాకు నోరు రాదు" అంది.

బెరడుకు అంచు తాకించి, ఆమె నేర్పినట్టే గట్టిగా అడిగాను. "కాస్తావా, నరికెయ్యమంటావా?"

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత చెట్టు వెనక నుంచి సన్నగా, నాలుక పిడచకట్టుకుపోయిన గొంతుతో ఒక మాట వచ్చింది.

"దప్పిగా ఉండాది."

ఆడపిల్ల గొంతు. జ్వరంలో ఉన్న పిల్లలు కళ్ళు తెరవకుండా మాట్లాడతారే, అలా ఉంది. అక్క వేళాకోళం చేస్తోందని అనుకోవాలని చూశాను. కానీ పక్కన అత్త అప్పటికే చెట్టుతో మాట్లాడుతోంది.

"నీళ్ళు పెడతానే ఉండాను గదమ్మా! రోజూ పెడతానే ఉండాను గదా!"

అప్పుడు మాను వెనక నుంచి అక్క ఇవతలికి వచ్చింది, నవ్వుతూ. "ఏం పెద్దమ్మా, అంత గట్టిగా చెప్పినా చాల్లేదా?" అంది ఎప్పటి బొంగురు గొంతుతోనే.

"నువ్వేం చెప్పినావు?" అని అడిగింది అత్త.

"కాస్తా కాస్తా, నరకబాక అని చెప్పినా. అదే గదా చెప్పమంటివి?"

నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరికీ ఆ మాట వినపడలేదు. ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు వినపడకపోవడం అనేది జరిగే పని కాదు. "దప్పిగా ఉండాది అన్నావు గదక్కా" అన్నాను నేను. "చిన్నపిల్ల గొంతు పెట్టి అన్నావు."

ఆమె మొహంలో నవ్వు ఒక్కసారిగా పోయింది. నా వైపు కాదు, నా కాళ్ళ దగ్గర నేల వైపు చూసింది. గోడ పక్కనున్న గంప కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె మా గడప తొక్కలేదు. అత్త మాత్రం ఆ మాటే పట్టుకుంది. చెట్టు దప్పి అంది కాబట్టి నీళ్ళు పెట్టాలి. పొద్దున మోటారు వేస్తే పాదు పొంగి సపోటా దాకా పారేది. అలా పెట్టిన కొద్దీ చెట్టు ఇంకా పాడయింది. కొనకొమ్మలు బోడిగా తేలాయి. పాదు పక్కనే ఉన్న జామచెట్టు కూడా ఆకు రాల్చింది. నా భర్త విని నవ్వాడు. "గొడ్డలి పట్టుకొని మీరే బెదిరిపోయుంటారు. ఆమె ఒకటంటే మీకు ఇంకోటి వినపడింది" అన్నాడు. అలాగే అయి ఉండవచ్చు. కానీ ఇద్దరికీ ఒకే మాట ఎలా వినపడిందని అడిగితే, షిఫ్టుకు టైమైందని చెప్పులు వేసుకున్నాడు.

ఒక ఉదయం పాదులో రాలిన ఆకులు ఎత్తిపోస్తుంటే ఇసుక మీద తెల్లటి పొర కనిపించింది. ముగ్గు ఒలికినట్టు పాదు చుట్టూ ఉంది. వేలితో గీరి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. పైపు తీసి నోట్లో నీళ్ళు పోసుకొని అప్పుడే ఉమ్మేశాను. మేం ఆ బోరు నీళ్ళు నోట్లో పోసుకొని ఏళ్ళయిపోయింది. వండటానికీ తాగటానికీ ఆటోలో క్యాన్లు వస్తాయి. సబ్బు నురగ రావటం లేదని సబ్బు మార్చామే గాని, నీళ్ళు మారాయని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చుట్టూ గుంటల్లో నిలిచిన ఉప్పునీరు ఏటికేడాది నేలలోకి దిగి మా బోరుకు చేరింది. సపోటా ఓర్చుకుంది. మామిడి ఓర్చుకోలేకపోయింది. రోజూ పాదు నిండా నీళ్ళు పెట్టి ఆ చెట్టును మేం దాహంతో ఎండగట్టాం.

"మరి అది చెప్పింది నిజమే గదమే" అంది అత్త. ఆ రోజంతా ఆమె అన్నం ముట్టలేదు.

గంప ఇచ్చి రావాలని ఆ సాయంత్రం పక్కింటికి వెళ్ళాను. అక్క వాకిట్లో కూర్చొని ఎండుచేపలు ఏరుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. బోరు సంగతి చెప్పాను. ఆమె అదంతా విన్నది గానీ అడిగింది వేరే.

"ఆ గొంతు ఎట్టుండాది అమ్మణ్ణీ?"

చెప్పాను. ఆమె చేతిలోని చేపను కింద పెట్టింది.

"మీ పెరడు ముందు మాదే. మీ మామకు మా నాయన అమ్మినాడు. ఇప్పుడు మామిడిచెట్టు ఉండేచోట మా గుడిసె ఉండె. నాకు పదేళ్ళు, మా చెల్లికి ఆరు. దానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళిస్తే ఇంకా ఎక్కువైతాదని పెద్దోళ్ళు చుక్క నీళ్ళు పొయ్యనీలా. నన్ను పక్కన కూర్చోబెట్టి చూసుకోమన్నారు. తెల్లార్లూ ఆ మాటే అనింది. దప్పిగా ఉండాది, దప్పిగా ఉండాది అని. ఎండెక్కేసరికి పోయింది."

ఆమె ఏడవలేదు. మళ్ళీ చేపలు ఏరడం మొదలుపెట్టింది.

"బావినీళ్ళ వల్లే వచ్చిందని మా నాయన బావి మీద బండలు పరిపించినాడు. ఇప్పటిదాకా తియ్యలా."

ఆ బావి నాకు తెలుసు. వాళ్ళ ఇంటి వెనక బండల దిమ్మెలా ఉండేది. దాని మీద వలలు ఆరేసుకునేవాళ్ళు. మా వైపు ఇసుకలో లోతుగా పోతే ఉప్పునీళ్ళు తగులుతాయి గాని, పైపైన ఉన్న ఊటలో వాననీళ్ళు తేటగా నిలిచి ఉంటాయని ముసలివాళ్ళు చెప్పడం విన్నాను. అడగాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి చివరకు అడిగేశాను.

"ఆ బావి తెరిపిస్తావా అక్కా? మనం తాగొద్దు. చెట్టుకే."

"చెట్టుకేనా?" అంది. తర్వాత తనలో తాను అన్నట్టు, "తాగేది ఎవురైతే ఏంలే" అంది.

ఆమె కొడుకులు ఇద్దరూ వేట లేని రోజు చూసుకొని గడ్డపారలతో బండలు తప్పించారు. లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. పాత మట్టికుండలో వచ్చే వాసన. చేతికి అందేంత పైనే ఉన్నాయి నీళ్ళు. చెత్తా చెదారం తోడేసి, ఊరిన నీళ్ళు మళ్ళీ తోడి, నేను దోసిట్లో తీసుకొని నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. అక్క నా మొహమే చూస్తోంది.

మొదటి బకెట్ తానే మోసుకొచ్చింది. పైన ఉప్పుపట్టిన ఇసుక అంతా అప్పటికే గీకి అవతల పోయించాను. ఆమె పాదు దగ్గర గొంతుక్కూర్చొని నీళ్ళు మెల్లగా వంచింది. ఇసుకనేల కాబట్టి నీళ్ళు పోసినవి పోసినట్టే లోపలికి పోతాయి, అది నాకు తెలుసు. కానీ ఆ రోజు నేల చప్పుడు చేసింది. గుటక గుటకగా, ఊపిరి తీసుకుంటూ తాగుతున్న చప్పుడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అక్క మాత్రం భయపడలేదు. తల కొంచెం కిందికి వంచి, నేను ఆమె నోట ఎప్పుడూ వినని మెత్తటి గొంతుతో అంది.

"నిదానంగా తాగు. ఇంకా ఉండాయిలే. ఎవురూ వద్దనరు."

ఆ వేసవంతా సాయంత్రాలు నీళ్ళు మోశాం. బోరు పైపు పాదు దగ్గరికే రానీయలేదు. వానాకాలంలో తుపాను పట్టి కుండపోతగా కురిసింది. మిగిలిన ఉప్పు కూడా కడుక్కుపోయినట్టుంది. సంక్రాంతి దాటాక బోడికొమ్మల పక్కన రాగిరంగు చిగురు వేసింది. జామను కాపాడుకోలేకపోయాం. దాన్ని కొట్టించి ఆ చోట సీతాఫలం నాటాను. ఒక ఉదయం మిషన్ దగ్గర కూర్చొని తల ఎత్తితే మామిడి మాను మీద ఒక ఉడత తలకిందులుగా అతుక్కొని ఉంది. అత్తను పిలిచి చూపించాను. కర్ర కోసం వెతకలేదు ఆమె.

ఆ మరుసటి ఏడాది పూత వచ్చింది. కాయలు కొన్నే నిలిచాయి, తూర్పు కొమ్మన. మొదటి పండు అత్త తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. చెట్టు కిందే నిలబడి, తొక్క పంటితో చీల్చి, టెంక తెల్లబడేదాకా తినింది. ఆ గొంతు మళ్ళీ ఎవరికీ వినపడలేదు. నేను మాత్రం మిట్టమధ్యాహ్నం ఆ మాను వెనక్కి పోను. పనేదైనా ఉంటే పొద్దున్నే చూసుకుంటాను.

ఈ ఏడు ఆ బావికి అవతల పొలంలో ఎవరో కొత్తగా రొయ్యల గుంట తవ్వుతున్నారు. యంత్రం మట్టి ఎత్తిపోస్తుంటే గోడ మీద నుంచి కనిపిస్తుంది. రోజూ పొద్దున మొదటి చేద తోడగానే ఒక గుక్క నోట్లో పోసుకుంటున్నాను. అక్క తన వాకిట్లోంచే కేకేస్తుంది, "ఎట్టుండాయి అమ్మణ్ణీ?" అని. ఇంతవరకూ తియ్యగానే ఉన్నాయి. ఆ మాటే చెప్తాను.