టీచరమ్మ ఇచ్చిన బలం మాత్ర

2010. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మా మెడికల్ షాపు. ఫార్మసిస్టును నేనే. నాకు అనుమానం పాలెక్కువని మా ఆయన వెక్కిరించేవాడు. ఎక్కువే మరి! మందులమ్మే చోట అనుమానం లేని మనిషి కూర్చుంటే ఎవరి కొంపో మునుగుతుంది.

తిరుమలగిరి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చేవారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత డాక్టర్లు ఆమెకు లెట్రోజోల్ రాశారు. రోజుకొక మాత్ర, ఏళ్ల తరబడి వాడాలి. ముట్లుడిగిన ఆడవాళ్ల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ హార్మోన్ కొంత తయారవుతూనే ఉంటుంది. కొన్ని క్యాన్సర్లకు అదే మేత. దాన్ని తయారు కానివ్వకుండా అడ్డుకునేదే ఈ మాత్ర.

ఒకసారి ఆమె నెల తిరగకముందే మళ్లీ వచ్చారు.

"అప్పుడే అయిపోయినయా, టీచరమ్మా?"

"ఎక్కడో పడిపోయాయమ్మా."

మరుసటి నెలా అదే మాట. పైగా నా మొహం చూడరు. నాకు ఒళ్లు మండింది.

"నిజం చెప్పుండ్రి. ఎవరికిస్తున్రు?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మా కోడలికమ్మా. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. మా చర్చిలో ఒకమ్మాయికి ఈ మాత్రతోనే కడుపు పండిందట. బలానికని చెప్పి రోజూ పాలతో ఇస్తున్నాను."

ఆమె విన్నది అబద్ధం కాదు. పిల్లల కోసం కొందరు డాక్టర్లు దీన్ని నెలసరి మొదట్లో కొద్ది రోజులే ఇస్తారు. ఈస్ట్రోజెన్ తగ్గితే మెదడు అండాశయాన్ని తట్టి లేపుతుంది. కానీ కడుపుతో ఉన్నవాళ్లు దీన్ని ముట్టకూడదు. లోపలి బిడ్డకు ముప్పు.

"కోడలికి ఈ నెల నెలసరి వచ్చిందా?"

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "లేదమ్మా! దేవుడు చూశాడు. ఆపితే నిలవదేమోనని ఇంకా ఇస్తూనే ఉన్నాను."

"అయ్యో తల్లీ! ఇంకొక్కటి సుత ఇయ్యకుండ్రి. ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోండ్రి."

"దానికి చెప్పకమ్మా, నా మొహం చూడదు."

"నేను చెప్పను. మీరే చెప్పాలె."

నా ముందే కోడలికి ఫోన్ చేయించాను. చెబుతూ చెబుతూ ఆమె ఏడ్చేశారు.

కాన్పయ్యేదాకా నాకూ భయం తీరలేదు. తర్వాత ఒకరోజు కోడలే బాబును ఎత్తుకొని వచ్చింది. చక్కగా ఉన్నాడు.

"అత్తయ్య మాత్రలు నాకివ్వండక్కా. ఇక నా ఎదురుగానే వేసుకుంటారు."

"కోపం పోయిందా?"

"పోయింది. ఆవిడ కూడా ఆశతోనే ఇచ్చారు కదా." బాబును భుజం మార్చుకుంటూ అంది. "పాలు మాత్రం నేనే కలుపుకుంటున్నాను."

అప్పటి నుంచి బాగా తెలిసినవాళ్లనే ముందు అడుగుతున్నాను, మాత్ర ఎవరికని.