వద్దమ్మ సంతకం

ఆవిడకు ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాళ్లెవరో ఆవిడను బాగా ఎరిగినవాళ్లే. ఊళ్లో దిక్కులేని కుక్కలనూ పిల్లులనూ చేరదీసి, కావాలన్నవాళ్లకు పెంచుకోవడానికి ఇచ్చే షెల్టర్ ఒకటుంది. ముందు గదిలో చెక్క కౌంటరు, కౌంటరు మీద ఒక గంట, ఎంత కడిగినా పోని ఫినాయిలు వాసన, ఏడేళ్లుగా అదే కుర్చీలో నీలం కోటు వేసుకుని ఆవిడ. డిసెంబరు వచ్చిందంటే చాలు, తలుపు తోసుకుని వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట. "వద్దమ్మా, పండక్కి కానుకగా మేం ఇవ్వం. వద్దు నాయనా, ఆడుకోడానికి బొమ్మ కొనిపెట్టండి." అలా వద్దమ్మ అయిపోయింది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆవిడ దగ్గర ఎవరి పప్పులూ ఉడకవు. ఒక డిసెంబరులో ఒకాయన మెరిసే బూట్లేసుకుని వచ్చి, "ఓ కుక్కపిల్లని బుట్టలో పెట్టి రిబ్బను కట్టిచ్చేయండి చాలు, పిల్లలకి సర్‌ప్రైజ్" అన్నాడు.

"బుట్టలోంచి బయటికొచ్చాక దానికి విరేచనాలు పట్టుకుంటే ఎవరు తుడుస్తారండీ?"

"మా ఆవిడ చూసుకుంటుంది."

"ఈ సంగతి ఆవిడకి తెలుసా, ఆవిడక్కూడా సర్‌ప్రైజేనా?"

ఆయన బూట్లు చప్పుడు చేసుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ గోడ మీద అద్దం కట్టి పెట్టిన నిబంధన చదివే ఉంటాడు, చదవకుండా ఎవరూ తలుపు దాటలేరు, అంత పెద్ద అక్షరాలు. ఇంట్లో ఉన్నవాళ్లంతా రావాలి. అందరూ సంతకం పెట్టాలి. పెట్టాక కూడా పది రోజులు ఆగాలి, అప్పటికీ మోజు తీరకపోతే తీసుకెళ్లాలి. షెల్టర్ నడిపే డాక్టరమ్మను వారం రోజులు పోరి పోరి ఆ నిబంధన పెట్టించింది వద్దమ్మే.

పెట్టించదూ మరి? జనవరి మొదటి వారంలో ఆ కౌంటరు దగ్గర నిలబడి చూడాలి. పండక్కి ముద్దుగా కనిపించిన కుక్కపిల్లలను మెడపట్టీలతో సహా తెచ్చి వాపసు ఇచ్చేవాళ్లు బారులు తీరి ఉంటారు. "మా బాబుకి పడట్లేదండీ", "ఇల్లు మారుతున్నామండీ", "ఇంత పెరుగుతుందనుకోలేదండీ". కుక్క అన్నాక పెరగక ఏం చేస్తుంది? డిసెంబరులో వచ్చినవాళ్లను చెడామడా కడిగేసే మనిషి, ఈ వాపసు ఇవ్వడానికి వచ్చినవాళ్లను మాత్రం పల్లెత్తు మాట అనేది కాదు. తల వంచుకుని తాడు అందుకునేది. డాక్టరమ్మకు అది ఎప్పటికీ అంతు పట్టలేదు.

అలా వాపసు వచ్చినవాడే పెద్దాయన. ఏడో నంబరు గదిలో ఉంటాడు. తొమ్మిదేళ్ల కుక్క, మూతి నెరిసిపోయింది, ఒక చెవి నిలబడదు. రెండు ఇళ్లకు వెళ్లి రెండుసార్లూ తిరిగొచ్చాడు. వచ్చినవాళ్లంతా ఆయన గది ముందు ఆగకుండా కుక్కపిల్లల గదుల వైపు వెళ్లిపోయేవారు. ఆయన కూడా లేచి ఎదురొచ్చేవాడు కాదు. పనివాళ్లు మాత్రం "పెద్దాయన భోంచేశారా?" అని మర్యాదగా అడిగేవారు.

ఇక వద్దమ్మ ఇల్లు. మూడో అంతస్తులో రెండు గదులు. మొగుడు సిటీ బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు. కూతురికి పదకొండేళ్లు, కొడుక్కి ఏడు. ప్రతి డిసెంబరూ పిల్లలు క్రిస్మస్‌కి కుక్క కావాలని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవారు. ఆవిడ వద్దనేది. వాళ్లు ముఖాలు మాడ్చుకునేవారు. తండ్రి మధ్యలో కలగజేసుకునేవాడు కాదు. చెప్పగలిగిందేదో నోటిదాకా వచ్చి ఆగిపోయినట్టు, గ్లాసులో నీళ్లు తాగేసి లేచేవాడు.

ఈసారి డిసెంబరు వచ్చింది, పిల్లలు అడగలేదు. అడగకపోతే తల్లికి హాయిగా ఉండాలి. ఈవిడకు లేదు. ఆశ వదిలేసుకున్నారేమో అనుకుంది. వదిలేసుకోవాలనే కదా ఇన్నేళ్లూ వద్దన్నది! తీరా వదిలేసుకున్నారనుకునేసరికి ఎందుకో రెండు రోజులు ముద్ద దిగలేదు.

డిసెంబరు పదిహేనున మధ్యాహ్నం కౌంటరు మీద గంట మోగింది. వద్దమ్మ తలెత్తి చూస్తే ఎదురుగా మొగుడు, కూతురు, కొడుకు. ముగ్గురూ పెళ్లికి బయల్దేరినట్టు తయారై ఉన్నారు. కొడుకు జుట్టు తడిపి దువ్వి ఉంది, ఒక పక్క అప్పుడే లేచి నిలబడింది.

"నమస్తే మేడమ్, కుక్క కోసం వచ్చాం" అంది కూతురు, నింపిన ఫారం ముందుకు తోస్తూ.

"ఏంటే ఈ వేషాలు? ఇంటికి పదండి."

"ఇంటికెళ్తే అమ్మ వద్దంటుంది మేడమ్. ఇక్కడైతే రూలు ప్రకారం అడగాలంట కదా."

వెనక గదిలోంచి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతి అర్థమై, "కానీవమ్మా, వచ్చినవాళ్లని అడగాల్సినవి అడుగు" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఇక తప్పలేదు. పొద్దున్నే ఎవరు లేస్తారని అడిగింది. రోజు విడిచి రోజు అక్కా తమ్ముడూ అని చెప్పారు. జబ్బు చేస్తే? నాన్న సెలవు పెడతారు. మూడు మెట్ల వరసలు ఎక్కలేకపోతే? "నేను ఎత్తుకుంటా" అన్నాడు బస్సు డ్రైవరు, అందరికన్నా గంభీరంగా. అన్నీ ఆవిడ మాటలే. కౌంటరు దగ్గర ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పలేకపోయారో ఇన్నేళ్లూ ఇంటికొచ్చి వెక్కిరిస్తూ చెప్పింది ఆవిడే కదా, విని విని బట్టీ పట్టేశారు.

"పది రోజులు ఆగాలని తెలుసా?"

"తెలుసు. అందుకే పదిహేనున వచ్చాం. ఇరవయ్యయిదుకి సరిపోతుంది" అన్నాడు కొడుకు.

డాక్టరమ్మ ఇక ఆపుకోలేక పక్కకు తిరిగి నవ్వేసింది. వద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఏ పిల్ల కావాలి?" అంది.

"పిల్ల కాదు. పెద్దాయన" అన్నాడు వాడే.

"ఆయనెందుకురా? ముసలివాడు. నీతో పరిగెత్తలేడు."

"నువ్వు రోజూ భోజనాల దగ్గర ఆయన గురించే చెప్తావుగా. ఇవాళ తోకూపాడు, ఇవాళ దుప్పటి కిందకి దూరాడు అని. మాకు ఆయనొక్కడే తెలుసు."

ఆవిడ ఫారం వైపు చూసింది. అడుగున నాలుగు గీతలు. మూడింటి మీద సంతకాలున్నాయి, కొడుకుదైతే గీత దాటి పక్కదాని మీదికి పాకింది. నాలుగోది ఖాళీ. అందరూ పెట్టాలి, ఒక్కరు పెట్టకపోయినా చెల్లదు. డాక్టరమ్మ కలం అందించింది. వద్దమ్మ కలం పట్టుకుని, మళ్లీ కింద పెట్టేసి, లేచి వెనక వసారాలోకి వెళ్లిపోయింది.

కాసేపటికి కూతురు వెతుక్కుంటూ వెళ్లింది. తల్లి ఏడో నంబరు గది ముందు నేల మీద కూర్చుని ఉంది. ఊచల అవతల పెద్దాయన, ఇవతల ఆవిడ.

"కోపమొచ్చిందా అమ్మా?"

"నీకో సంగతి చెప్పాలి" అంది తల్లి. "నీకు మూడేళ్లప్పుడు, తమ్ముడు నా కడుపులో ఉన్నాడు. క్రిస్మస్‌కి నీకోసం ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నాం. చాక్లెట్ రంగు. నువ్వు దాన్ని వదిలేదానివి కాదు. నలభై రోజులుంచాను. తర్వాత నేనే ఇక్కడికి తీసుకొచ్చి ఆ కౌంటరు మీద దింపేసి వెళ్లిపోయాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నువ్వు అడిగితే పారిపోయిందని చెప్పాను."

కూతురు పెద్దాయన మూతి వైపే చూస్తూ కూర్చుంది.

"దానికేమైంది?"

"వారంలో ఎవరో తీసుకెళ్లారు. మంచివాళ్లే. వారం తర్వాత మనసాగక చూద్దామని వస్తే చెప్పారు. తమ్ముడు పుట్టి కాస్త తేరుకున్నాక ఇక్కడే పనికి చేరా."

"ఎందుకిచ్చేశావు?"

"చేతకాలేదే. వాంతులు, నీరసం. నాన్నకి రాత్రి డ్యూటీలు. నువ్వేమో చంటిదానివి. చేసేవాళ్లెవరూ లేరు."

"ఇప్పుడు మేమున్నాం కదా" అంది కూతురు.

అంత చిన్న మాట. వద్దమ్మ ఏడేళ్లుగా ఎందరినో ఎన్నో ప్రశ్నలు అడిగింది, ఇప్పుడు మా ఇంట్లో చేసేవాళ్లున్నారా అని మాత్రం తనను తాను ఎప్పుడూ అడగలేదు. లేచి కోటు దులుపుకుంది. కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడే సంతకం పెట్టింది. డాక్టరమ్మ ముద్ర కాస్త గట్టిగానే గుద్దింది.

క్రిస్మస్ పొద్దున పెద్దాయన మూడు మెట్ల వరసలూ బస్సు డ్రైవరు చేతుల మీద ఎక్కి ఇల్లు చేరాడు. పిల్లల సంబరం చెప్పక్కర్లేదు. కొడుకు తన దుప్పటి తెచ్చి పరిచాడు, తన దిండూ ఇచ్చేశాడు, అక్క ఆపకపోతే మంచం కూడా లాగేవాడు. పెద్దాయన గదులు రెండూ మెల్లగా తిరిగి చూసి, బల్ల కింద పడుకున్నాడు. అంతా బాగుందనుకున్నారు.

మర్నాడు పొద్దున వద్దమ్మ పనికి బయల్దేరుతూ నీలం కోటు తొడుక్కుంది. పెద్దాయన లేచాడు. నెమ్మదిగా నడిచి వెళ్లి, తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

"షికారుకి వస్తాడట!" అని పిల్లలు నవ్వారు. ఆవిడ మాత్రం గుండీలు పెట్టుకోవడం ఆపేసింది. రెండిళ్లనుంచి వాపసు వచ్చినప్పుడూ ఆయన తాడు అందుకున్నది ఈ నీలం కోటే. ఇప్పుడూ తీసుకెళ్లడానికే వచ్చిందనుకుంటున్నాడు. మొరాయించడం లేదు, ఏడవడం లేదు, తయారై నిలబడ్డాడు.

మర్నాడూ అంతే. కోటు షెల్టర్‌లోనే వదిలేసి వచ్చింది. తాళాలు తీస్తే లేచాడు. తాళాలు జేబులో దాచుకుంది. చెప్పులేసుకుంటే లేచాడు. నాలుగు రోజులకు ఆవిడ తలప్రాణం తోకకొచ్చింది.

"నన్ను చూస్తేనే లేస్తున్నాడండీ" అంది మొగుడితో, కళ్లనీళ్లు పెట్టుకుని. "ఈ ఇంట్లో ఆయనకి భయం నేనే."

బస్సు డ్రైవరు ఆలోచించి చెప్పాడు. "కొత్త రూట్లో ఎక్కిన ముసలాయన ప్రతి స్టాపులోనూ లేచి నిలబడతాడు, దిగాల్సింది ఇదేనేమోనని. కసిరితే ఇంకా కంగారు పడతాడు. మనం మన బండి నడుపుకుంటూ పోవడమే. కోటు దాచకు. ఎదురుగానే వేసుకో, చెప్పి వెళ్లు, వేళకి రా."

అలాగే చేసింది. రోజూ ఆయన ముందే కోటు తొడుక్కుని, వంగి, "పనికెళ్తున్నా పెద్దాయనా, సాయంత్రం వస్తా" అని చెప్పేది. ఆయన తలుపు దగ్గర నిలబడి వినేవాడు. ఆవిడ ఒక్కతే వెళ్లేది. సాయంత్రం వచ్చేది. జనవరి మొదటి వారం కౌంటరు దగ్గర తాళ్లు అందుకుంటూ కూడా ఆవిడ మనసంతా ఇంటి తలుపు దగ్గరే ఉండేది.

పదిహేనో రోజో పదహారో రోజో, ఆవిడ కోటు తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంది. వెనక అడుగుల చప్పుడు రాలేదు. తిరిగి చూస్తే, పెద్దాయన బల్ల కింద, బడికి తయారవుతున్న కొడుకు పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉన్నాడు. నీలం కోటును చూశాడు. తోక రెండుసార్లు నేలకు కొట్టి, కళ్లు మూసుకున్నాడు.

"లేవలేదే" అంది వద్దమ్మ.

"ఎందుకు లేస్తాడమ్మా, నువ్వు సాయంత్రం వస్తావుగా" అంది కూతురు, పుస్తకాలు సర్దుకుంటూ.

వద్దమ్మ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. రెండు మెట్లు దిగి మూడో మెట్టు మీద కూర్చుండిపోయింది. కోటు చేతితో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ, ఎనిమిదేళ్లనుంచి దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చేసింది.