నాటకంలో ఒడిబియ్యం

టీవీ సీరియల్లో ఏ ఆడమనిషైనా కొంగు బిగించి, ఆడది అబల కాదు అని గొంతెత్తిందంటే నాకు అనుమానం మొదలవుతుంది. పక్కన మా మనవరాలు చప్పట్లు కొడుతుంది. నేను మాత్రం ఈ ఉపన్యాసం అయిపోయాక ఈమెతో ఏం వదిలిపెట్టిస్తారో అని కాచుకుని కూచుంటాను. చాలాసార్లు నా అనుమానమే నిజమవుతుంది. ఉద్యోగమో, ఇల్లో, కనీసం కోపమో, ఏదో ఒకటి ఆమె చేజేతులా వదిలేస్తుంది, అందరూ ఆమెను దేవత అంటారు. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని మరీ రాసినవాళ్ళ పేర్లు చదువుతాను. మగపేర్లే ఉంటాయి. "నీకు అన్నిట్లో అనుమానమే అమ్మమ్మా" అని మనవరాలు విసుక్కుంటుంది. నిజమే. కానీ ఇది టీవీ చూసి వచ్చిన అనుమానం కాదు. టీవీ అనేది ఒకటి ఉంటుందని కూడా తెలియని రోజుల్లో, మా ఊరి బడి ముందు ఒక నాటకం చూసి తెచ్చుకున్నది.

మా ఊరు కేతేపల్లి పక్కన. మాకు గొర్రెల మంద ఉండేది, బావి కింద కొంచెం పొలం ఉండేది. అరవైల మొదట్లో మా తాత పోయాడు. అప్పటికే తండ్రి ఆస్తిలో బిడ్డకు కూడా వంతు ఉంటుందని కొత్త చట్టం వచ్చింది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, ఎవరి మనసులో వాళ్ళు అనుకుంటూనే ఉన్నారు. కారణం మా మేనత్త.

ఆమె మా బాపుకు అక్క. పెళ్ళయిన కొన్నాళ్ళకే మొగుడు పోతే అత్తగారింట్లో కొంతకాలం నెట్టుకొచ్చి, తిట్లు పడలేక పుట్టింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. మా ఇంట్లో నాట్లూ కలుపులూ ఆమెవే, బావి కింద మడికి నీళ్ళు కట్టేదీ ఆమే. ఇప్పుడు భూమంతా బాపు పేరు మీదికి మారాలంటే, నాకు వంతు వద్దు అని ఆమె వేలిముద్ర వేయాలి. అవ్వ, అంటే బాపు తల్లి, అడగ్గానే వేసేసింది. మేనత్త వేయలేదు. వేస్తే ఆ ఇంట్లో ఆమె తినే ముద్ద మా అమ్మానాన్నల దయ. మా అమ్మ మంచిదే, బాపు కూడా మంచివాడే. కానీ ఒకరి దయ మీద బతకడం ఎట్లా ఉంటుందో ఆమె అప్పటికే ఒక ఇంట్లో చూసి వచ్చింది. అందుకే భూమి లెక్కలు రాసే పట్వారీ కాగితం పట్టుకుని వచ్చినప్పుడల్లా "సూద్దాం తియ్యి" అని పొలం దిక్కు పోయేది.

ఆ రోజుల్లోనే మా ముందటి అర్రలో బడిపంతులు కిరాయికి ఉండేవాడు. నాటకాలు రాసేవాడు. స్త్రీల ఉద్ధరణ అంటే ఆయనకు ప్రాణం. అబద్ధమెందుకు, ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని బడికి పంపమన్నది ఆయనే, బాపును ఒప్పించి నాకు పలక పట్టించిందీ ఆయనే. మా ఇంట్లోనే భోజనం. కానీ వడ్డించే మేనత్తతో "కాస్త మజ్జిగ పొయ్యమ్మా" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడగా నేను వినలేదు. సాయంత్రం కాగానే ఆయనా బాపూ అరుగు మీద తలలు దగ్గర పెట్టుకుని ఏదో మాట్లాడుకునేవాళ్ళు. నేను పోతే "ఏం బిడ్డా, ఎక్కాలు వచ్చినయా?" అని బాపు మాట మార్చేవాడు.

బడి వార్షికోత్సవానికి ఆయన కొత్త నాటకం రాశాడు. పొద్దుగూకాక పెట్రోమాక్సు దీపాలు పెట్టి ఆడారు. మగవాళ్ళు ముందు కూచున్నారు, ఆడవాళ్ళం ఒక పక్కన గోడ వెంట. కథలో ఒక వితంతువు. ఆ వేషం ఇంకో పంతులు కట్టాడు, తెల్లచీరతో వచ్చాడు. "గా తెల్లచీరతోని బురదల ఎట్ల దిగుతదే?" అని మా పక్కింటామె గొణిగింది. మా ఊళ్ళో మొగుడు పోయినవాళ్ళెవరూ తెల్లచీర కట్టేవాళ్ళు కాదు, మట్టిలో పనిచేసేవాళ్ళకు అది నడవదు. ఆ తెల్లచీర ఆమె స్త్రీ శక్తి గురించి చాలాసేపు మాట్లాడింది. మగవాళ్ళు ఈలలు వేశారు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా తమ్ముడి వేషం వచ్చింది. అక్కకు ఒడిబియ్యం పోశాడు. ఆమె కొంగు పట్టి కన్నీళ్ళు కారుస్తూ, "నా ఒడి నిండింది తమ్ముడూ, ఇక భూమితో నాకేం పని" అని కాగితం మీద వేలు పెట్టింది. మగవాళ్ళ పక్కన చప్పట్లే చప్పట్లు. గోడ వెంట ఉన్న ఆడవాళ్ళు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రైకబట్ట పుట్టింటివాళ్ళు ఒడిలో పోసేది మొగుడు ఉన్న ఆడబిడ్డకు. మొగుడు లేనామె ఒడిలో ఆ బియ్యం ఎవరూ పోయరు. ఆ పేరంటానికి ఆమెను పిలవనే పిలవరు. ఇది మా ఊళ్ళో నాలాంటి చిన్నపిల్లకూ తెలుసు. స్త్రీల కష్టాలు రాయడానికి పూనుకున్నాయనకు తెలియలేదు. ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది.

మేనత్త నవ్వలేదు. ఆమె నాటకం కూడా చూడడం లేదు. కండువాతో కళ్ళు తుడుచుకుంటున్న బాపును చూస్తోంది.

ఆ వారంలోనే పట్వారీ మళ్ళీ వచ్చాడు. అరుగు మీద బాపు, పంతులు, ఊరి పెద్దలు ఇద్దరు కూచున్నారు. బాపు గొంతు మెత్తగా చేసుకుని, "నాటకం జూసినవు గద అక్కా, గామె ఎంత పెద్ద మనసు చేసిందో" అన్నాడు.

"జూసిన తమ్మీ" అంది మేనత్త. "గా తమ్ముడు ఏం జేసిండో గూడ జూసిన. ఒడిబియ్యం పోసిండు. నువ్వు గూడ పొయ్యి. గీ నలుగురి ముందట పొయ్యి, గప్పుడు ఏలు పెడత."

లోపలి నుంచి అవ్వ గయ్యిమంది. "నీకు మతి గిన పోయిందా? మొగడు లేనిదానికి ఒడిబియ్యమేంది? ఇంటికి అరిష్టం!" గడప దగ్గర నిలబడ్డ అమ్మ, తనకు తెలియకుండానే మెడలో పుస్తెలతాడు పట్టుకుంది.

మేనత్త పంతులు దిక్కు తిరిగింది. "సారూ, మీరన్న జెప్పుండ్రి. మీరే రాసిండ్రు గద."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "అది నాటకం కదమ్మా" అన్నాడు.

"బియ్యం పోసుడు నాటకం, ఏలు పెట్టుడు నిజమా?" అంది మేనత్త. అప్పటిదాకా మెల్లగానే మాట్లాడుతున్న మనిషి అప్పుడు గొంతు పెంచింది. "బియ్యానికి పనికిరాని ఒడి నాది. సిరాకు మాత్రం నా ఏలు పనికొస్తదారా తమ్మీ?"

పట్వారీ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. బాపు చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. చివరికి ఊరి పెద్దలే కూచుని బావి కింద ఆమె వంతుకు హద్దురాళ్ళు పాతించారు. ఆ నాటకం పంతులు బాపు అడిగితే రాశాడా, తనంతట తానే రాశాడా అనేది నాకు ఇప్పటికీ తెలియదు. ఇద్దరూ పోయారు. అనుమానం మాత్రం నాతోనే ఉండిపోయింది.

తరువాత పంతులుకు షాద్‌నగర్ బదిలీ అయింది. కొన్నాళ్ళకు ఆయన రాసిన నాటకం రేడియోలో వస్తుందని తెలిసి, పంచాయతీ ఆఫీసు మైకు కింద నిలబడి విన్నాను. మళ్ళీ వితంతువు, తమ్ముడు, భూమి. ఈసారి ఒడిబియ్యం వద్దని తల్లి అడ్డం పడుతుంది. అప్పుడు తమ్ముడు లేచి, "బియ్యానికి మా అక్క ఒడి పనికిరానప్పుడు, సిరాకు ఆమె వేలు ఎలా పనికొస్తుంది?" అని గర్జిస్తాడు. మైకు కింద మగవాళ్ళు శభాష్ అన్నారు. నాకు కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాటకం పూర్తిగా విని, పొలానికి ఉరికాను.

మేనత్త మడికి నీళ్ళు కడుతోంది. "అత్తా, నీ మాట దొంగతనం చేసిండు. గా తమ్మునితోని అనిపిచ్చిండు!" అని రొప్పుతూ అంతా చెప్పాను.

ఆమె తల ఎత్తలేదు. "ఆఖరుకు భూమి ఎవరికయింది?" అంది.

"తమ్మునికే. బియ్యం పోసినంక ఆమెనే ఇచ్చేసింది."

"గట్లయితే గది నా మాట కాదు తియ్యి బిడ్డా" అని, పారతో కట్ట తెంపి నీళ్ళు తన మడిలోకి తిప్పుకుంది.