చెల్లెకు చేరని ఒడిబియ్యం

“ఆ మాట కొట్టెయ్యి.”

“ఎందుకు కొట్టెయ్యాలె నాయినమ్మా? ఉన్నదే రాసిన.”

“నా చెల్లె ముచ్చట కాలేజీల అందరి ముందట చదువుతవా?”

“మీరిద్దరు గీ మెదక్‌లనే ఉంటరు. బస్టాండుకాడ ఎదురైతే నువ్వు కూరగాయల దిక్కు చూస్తవ్, ఆమె బస్సు బోర్డు దిక్కు చూస్తది. ఇంగ్లీషుల దాన్ని ఎస్ట్రేంజ్డ్ అంటరు. నేనేం జెయ్యాలె?”

నా మనుమరాలు కుటుంబం మీద ఇంగ్లీషు వ్యాసం రాస్తున్నది. అర్థం చెప్పమన్న. దూరపు చుట్టాలను అట్ల అనరట. తెలియనోళ్లను అనరట. ఒకప్పుడు దగ్గరుండి, మాటలు తెగిపోయినోళ్లనే అంటరట. మొగుడు పెండ్లాలకు, తండ్రి కొడుకులకు, అక్కచెల్లెండ్లకు వాడొచ్చట.

“తెంపింది ఎవరో ఆ మాటల తెలుస్తదా?”

“తెల్వది. ఇద్దరికీ వర్తిస్తది.”

“అట్లయితే ఉండనీ.”

“పనికొస్తదంటే చాలు, నువ్వు చెత్త గూడ పారెయ్యవు” అని నవ్వింది పిల్ల.

ఇరవై ఏండ్ల సంది కొంగున గట్టుకొని తిరుగుతున్న ముడి ఇది. నాలుగో తరగతికే బడి మానేసినదాన్ని. పిల్ల నోటుబుక్కుల మిగిలిన కాగితాల మీద, చదివేటోళ్లా, మీ ముందటనే ఇప్పుతున్న. తెంపింది నేను.

చెల్లె చర్చికాడి మాస్టరును ఇష్టపడి చేసుకున్నది. నాయిన ఇంటికి రానియ్యలే. నాయిన పోయినంక, కండ్లు మసకబారిన అమ్మను నేను నా ఇంటికి తెచ్చుకున్న. ఐదేండ్లు స్నానం చేయించిన, అన్నం కలిపి పెట్టిన. ఒకనాడు అమ్మ తడుముకుంట తడుముకుంట బియ్యంల పసుపు కలిపి, రెండు ఎండుకొబ్బరి కుడుకలు, రైక గుడ్డ పెట్టి మూట గట్టింది. పుట్టింటోళ్లు ఆడపిల్ల ఒడిల పోసే బియ్యం. “చెల్లెకు ఇచ్చి రా” అన్నది. మరి నాకు? అడిగిన. “ఇంట్లనే ఉన్నదానికి ఒడి ఎందుకే” అన్నది.

పోయేదానికి పోస్తరు. చేసేదానికి పొయ్యరు. ఇదేం రివాజు?

మూట తీసుకొని గల్లీ మలుపు దాక పోయి తిరిగొచ్చిన. “వద్దన్నదమ్మా” అన్న. అమ్మ గోడదిక్కు తిరిగి పండుకున్నది. ఆ బియ్యం ఎక్కడన్న పారబొయ్యొచ్చు గద? బియ్యం పారబోసే చెయ్యి కాదు నాది. ఎన్ని నీళ్లు పోసి గడిగినా పసుపు పోలే. అట్లనే వండిన. అమ్మకు గూడ అదే పెట్టిన. ఆమెకు రంగు కనపడలే. ఆకలికి చేసిన్నా? కాదు. కడుపుమంటకు చేసిన.

అమ్మ సచ్చిపోయిననాడు చెల్లె వచ్చి, “అమ్మ నన్ను ఎప్పుడన్న తల్సిందా అక్కా?” అని అడిగింది. లేదన్న. మొన్నటిదాక అదే మా కడపటి మాట.

క్షమించమని అడుగుత అనుకోకుండ్రి. ఐదేండ్లు అమ్మకు చేసిన చేతులు ఇవే, ఆ బియ్యం వండిన చేతులు ఇవే. ఒకదానితోని ఇంకొకటి మాఫీ కాదని నాకెరుకే. ఆ ఇంగ్లీషు మాట నా నెత్తిమీది సగం బరువు దించింది, నిజమే. దించి చెల్లె నెత్తిన పెట్టింది. ఆమె ఏం జేసిందని? పొదుపు మనిషినే గని, నా తప్పుల ఇంకొకరికి వాటా పెట్టేదాన్ని కాదు.

పిల్ల ఆ మాట చెప్పిన తెల్లారి ఆటోల చర్చి ఎనక చెల్లె గల్లీకి పోయిన. ఉత్త చేతులతోనే పోయిన. బియ్యం పట్టుకపోతే బేరానికి వచ్చినట్టుంటది. చెల్లె వాకిట్ల గిన్నెలు తోముతున్నది. నిలబడే అంతా చెప్పిన. ఆమె చేతుల గిన్నె అట్లనే ఆగింది.

“కుడుకలు పెట్టిందా?” అని అడిగింది.

“రెండు పెట్టింది. అవి గూడ నేనే తిన్న.”

చెల్లె చేతులు కడుక్కొని లోపలికి పోయింది. తలుపు ఏసుకున్నది. నేను ఆటో కోసం ఆగలే. బస్టాండు మీదికెళ్లి నడుసుకుంట ఇంటికొచ్చిన.